లక్షల కిలోమీటర్లు తిరిగిన కారు ఇంజిన్ లోపల దెబ్బతింటే: బాగుచేయించాలా, వదిలేయాలా?

నడుస్తున్న కారు దారిలో ఆగిపోతుంది. దాన్ని లాక్కొచ్చి మెకానిక్ దగ్గర చేరుస్తారు. ఆయన ఇంజిన్ వైపు ఓసారి, కిలోమీటర్ల మీటరు వైపు ఓసారి చూసి "లోపల పోయింది, ఇంజిన్ దించాలి" అంటాడు. ఆ మాట వినగానే యజమాని నోట వచ్చే మొదటి ప్రశ్న "ఎంతవుతుంది?" అనే. నిజానికి అది మూడో ప్రశ్న కావాలి. సరిగ్గా ఏం పోయింది, ఎందుకు పోయింది అనే రెండూ దానికంటే ముందు తేలాలి. ఇవి తేలకుండా ఎవరు ఏ అంకె చెప్పినా అది గాలిలో లెక్కే. ఇంకా ఐదారేళ్లు నడిచే కార్లు తుక్కుకు పోయేదీ, నిలవని ఇంజిన్ మీద రెండుసార్లు డబ్బు పోసేదీ ఆ లెక్కను నమ్మడం వల్లే.

నిజంగా లోపలే పోయిందా?

స్టార్టర్ వేస్తే ఇంజిన్ కదలకపోతే "పట్టేసింది" అని తేల్చేయడం తేలిక. కానీ ఏసీ కంప్రెసర్ గానీ ఆల్టర్నేటర్ గానీ బిగుసుకుపోయినా బెల్ట్ ద్వారా ఇంజిన్ తిరగడానికి అడ్డుపడవచ్చు. అందుకే ముందు బెల్ట్ తీసేయాలి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు, చివరి బోల్టుకు పానా వేసి, చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి. నాలుగు స్ట్రోకుల ఇంజిన్‌లో రెండు చుట్లకు గానీ అన్ని సిలిండర్లూ తమ పని ఒక్కసారి పూర్తి చేయవు, కాబట్టి ఒక్క చుట్టుతో ఆపకూడదు. ఎక్కడా తగలకుండా సాఫీగా తిరిగితే చాలా అనుమానాలు అక్కడే పోతాయి. ఒకేచోట గట్టిగా ఆగితే బలవంతంగా తిప్పకూడదు. గాలీ పొగా వెళ్లే దారులను తెరిచి మూసే వాల్వు పిస్టన్‌కు తగులుతూ ఉండవచ్చు, లేదా సిలిండర్‌లో నీళ్లు నిలిచి ఉండవచ్చు.

చప్పుళ్ల విషయంలోనూ తొందరపాటు పనికిరాదు. ఇంజిన్ కింది భాగం నుంచి బరువుగా సుత్తితో కొట్టినట్టు వస్తూ, బండి మీద లోడు పడ్డప్పుడు పెరిగే చప్పుడు సాధారణంగా పిస్టన్‌ను క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్‌ది. పైనుంచి సన్నగా టిక్కుటిక్కుమనేది వాల్వుల వైపుది. వాల్వులను తెరిచే కామ్‌షాఫ్ట్ క్రాంక్‌షాఫ్ట్ వేగంలో సగంతోనే తిరుగుతుంది కనుక ఆ చప్పుడు లయ కూడా సగమే ఉంటుంది, చెవి పెట్టి వింటే తేడా తెలుస్తుంది. ఆటోమేటిక్ గేర్ల కారులో ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ కలిపే ఫ్లెక్స్‌ప్లేట్ పగిలితే వచ్చే మోత అచ్చం బేరింగ్ మోతలాగే ఉండి అనుభవజ్ఞులను కూడా పొరపాటు పడేలా చేస్తుంది. ఆయిల్ ప్రెషర్ లైట్ సంగతి కూడా అంతే. సెన్సర్ పాడైనా ఆ లైట్ వెలుగుతుంది. సెన్సర్ విప్పి ఆ చోట మామూలు గేజ్ బిగించి ప్రెషర్ ఎంతుందో కొలిస్తే గానీ పంపును, బేరింగులను తప్పుపట్టకూడదు.

ఇక కంప్రెషన్ పరీక్ష, అంటే సిలిండర్‌లో పిస్టన్ గాలిని ఎంత గట్టిగా నొక్కుతోందో కొలవడం. పెట్రోల్ ఇంజిన్‌లో సాధారణంగా ఒక్కో సిలిండర్‌కు 10 నుంచి 14 బార్ల దాకా ప్రెషర్ వస్తుంది, డీజిల్‌లో అంతకు రెట్టింపు పైనే. అంకె కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడు సిలిండర్లలో 12 ఉండి ఒకదానిలో 5 ఉంటే లోపం ఆ ఒక్కచోటే. తక్కువ వచ్చిన సిలిండర్‌లో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. ప్రెషర్ బాగా పెరిగితే పిస్టన్ చుట్టూ ఉండే రింగులో, బోరో (సిలిండర్ లోపలి గోడ) అరిగినట్టు, పెరగకపోతే వాల్వులో, సిలిండర్లకు మూతలా ఉండే హెడ్ కింది గాస్కెట్టో (హెడ్ గాస్కెట్) అనుమానించాలి. దీనికంటే మెరుగైన పద్ధతి లీక్-డౌన్ పరీక్ష. సిలిండర్‌లోకి బయటి నుంచి గాలి పంపి, అది ఎక్కడినుంచి తప్పించుకుంటోందో వింటారు. ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే గాస్కెట్, లేదా హెడ్‌లో పగులు. ప్లగ్ రంధ్రంలోంచి సన్నటి కెమెరా దించి సిలిండర్ గోడల మీద గీతలున్నాయేమో కూడా చూడొచ్చు. ఇవన్నీ ఇంజిన్ దించకుండా జరిగే పనులే. వీటికి అయ్యే ఖర్చును దండగ అనుకోకూడదు. పెద్ద మొత్తం ఎటు పోవాలో చెప్పేది ఈ చిన్న మొత్తమే.

ఎందుకు పోయింది?

ఇంజిన్ లోపలి వైఫల్యాలన్నీ ఒక జాతివి కావు. కొన్నింట్లో కారణం ఒక్కచోట మొదలై అక్కడే ఆగుతుంది, కొన్నింట్లో ఇంజిన్ మొత్తానికి పాకుతుంది. బాగుచేయించాలా వద్దా అన్నదానికి సగం సమాధానం ఈ తేడాలోనే దొరుకుతుంది.

టైమింగ్ బెల్ట్ తెగడం మొదటి రకం. చాలా ఇంజిన్లలో వాల్వులు కిందికి దిగే చోటికే పిస్టన్ కూడా వస్తుంది, రెండూ తగలకుండా కాపాడేది ఆ బెల్ట్ కుదిర్చే సమయం ఒక్కటే. అది తెగగానే పిస్టన్ వచ్చి వాల్వులను గుద్దుతుంది, అవి వంగుతాయి. చూడటానికి ఘోరంగా ఉంటుంది గానీ, నెమ్మదిగా పోతున్నప్పుడు తెగితే నష్టం తరచుగా హెడ్ వరకే పరిమితమవుతుంది. హెడ్ దించి, వాల్వులు, గైడ్లు మార్చి, పిస్టన్ల తలలు, సిలిండర్ గోడలు పరీక్షించి మళ్లీ కట్టవచ్చు. కింద బేరింగులు, క్రాంక్‌షాఫ్ట్ బాగానే ఉంటాయి. ఇలాంటి కారు మీటరులో ఎక్కువ కిలోమీటర్లు చూపించినంత మాత్రాన దాన్ని వదులుకోవడం సబబు కాదు.

హెడ్ గాస్కెట్ పోవడం మధ్యరకం. ఇక్కడ అడగాల్సింది ఇంజిన్ ఎంతసేపు మరిగిందనే. ఉష్ణోగ్రత ముల్లు ఎరుపులోకి రాగానే ఆపేసిన కారుకూ, "ఇంకొంచెం దూరమేగా" అని నడిపిన కారుకూ చాలా తేడా ఉంటుంది. అల్యూమినియం హెడ్ వేడికి వంగుతుంది. దానిమీద వంకరలేని పట్టీ పెట్టి, ఫీలర్ గేజ్ అనే పలుచటి రేకులతో మధ్య సందు కొలుస్తారు. కంపెనీలు ఒప్పుకునే వంపు సాధారణంగా మిల్లీమీటరులో పదో వంతుకు మించదు, చాలావాటిలో ఇంకా తక్కువే. కొద్దిపాటి వంపునైతే మెషీన్ మీద చెక్కి సరిచేస్తారు. బాగా మరిగిన హెడ్‌కు గట్టిదనమే పోతుంది, పగుళ్లు కూడా ఉండవచ్చు. అలాంటిదాన్ని ప్రెషర్ పరీక్ష చేయకుండా తిరిగి బిగిస్తే అదే గాస్కెట్ కొన్ని నెలల్లో మళ్లీ పోతుంది. మరిగించిన మూలకారణం, అంటే వేడెక్కినా నీటిదారి తెరవని థర్మోస్టాట్, లీకయ్యే వాటర్ పంప్, పూడుకుపోయిన రేడియేటర్, తిరగని ఫ్యాన్, ఏదైతే అది, దాన్ని పట్టుకోకపోయినా ఫలితం అదే.

ఆయిల్ అందక పోయిన ఇంజిన్ మాత్రం అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సిన కేసు. బేరింగుకూ క్రాంక్‌షాఫ్ట్‌కూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులే, మనిషి వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ సందులో ఆయిల్ పొర నిలబడ్డంత కాలం లోహం లోహాన్ని తాకదు. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే ఇంజిన్‌లో ప్రతి పిస్టన్ సెకనుకు 50 సార్లు పైకెళ్లి 50 సార్లు కిందికొస్తుంది. ఆ పొర కొన్ని సెకన్లు తెగినా బేరింగ్ గీసుకుపోవడం, కరగడం, చోటు తప్పి తిరగడం జరుగుతాయి. అక్కడితో ఆగదు. రాలిన లోహపు పొడి ఆయిల్‌తో పాటు ప్రయాణిస్తుంది. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్‌లోకి, పంపులోకి, ఆయిల్ కూలర్‌లోకి, టర్బో ఉంటే దాని షాఫ్ట్‌లోకి, వాల్వు టైమింగ్‌ను మార్చే సన్నటి కవాటాల్లోకి చేరుతుంది. ఫిల్టర్ మూసుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని వడపోయని ఆయిలే ఇంజిన్‌కు అందుతుంది. అందుకే ఇలాంటి ఇంజిన్‌లో ఒక్క బేరింగ్ జత మార్చి సరిపెట్టడం సాధారణంగా నిలవదు. ఆయిల్ ఫిల్టర్‌ను కోసి లోపలి కాగితపు మడతలు విప్పి చూస్తే నష్టం ఎంతదూరం వెళ్లిందో తెలుస్తుంది. అయస్కాంతానికి అంటుకునేది ఇనుము, అంటుకోకుండా వెండిలా మెరిసేది సాధారణంగా అల్యూమినియం, రాగి రంగులో కనిపిస్తే బేరింగ్ పై పొర అరిగి లోపలి పొర బయటపడిందని అర్థం.

గాలి వెళ్లే దారిలోంచి నీళ్లు లోపలికి పోయిన సందర్భం వేరు. గాలిలాగా నీళ్లు నొక్కితే కుదించుకోవు. పైకి వచ్చే పిస్టన్‌కు దారి లేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీళ్లు తీసేశాక ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కావచ్చు, బాగానే నడుస్తున్నట్టు అనిపించవచ్చు. కానీ కొద్దిగా వంగిన రాడ్ వారాలో నెలలో గడిచాక విరిగి, సిలిండర్లు ఉండే బ్లాక్‌ను చీల్చుకుని బయటికి రావచ్చు. కాబట్టి నీళ్లు మింగిన ఇంజిన్‌లో పిస్టన్లు పై అంచు దాకా సమానంగా వస్తున్నాయో లేదో కొలవకుండా "నడుస్తోందిగా" అని తృప్తి పడటం ప్రమాదం. ఈ నష్టం బీమా పరిధిలోకి వస్తుందో రాదో పాలసీ పత్రంలో ముందే చూసుకోవాలి. విప్పాక అడిగితే ఆధారాలు చెరిగిపోయాయని బీమా కంపెనీ అనవచ్చు.

తప్పు యజమానిది కాని సందర్భాలూ ఉన్నాయి. 2015లో హ్యుందాయ్ అమెరికాలో 2011, 2012 మోడల్ సొనాటా కార్లను సుమారు 4.7 లక్షలు వెనక్కి పిలిపించింది. తయారీలో క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ దారుల్లో మిగిలిపోయిన లోహపు తునకలు బేరింగులకు ఆయిల్ అందకుండా చేయవచ్చన్నది కారణం. అందుకే ఛాసిస్ నంబరుతో ఆ కారు మీద రీకాల్ గానీ, పొడిగించిన వారంటీ గానీ ఉందేమో చూడటం మొదటి రోజే చేయాల్సిన పని. వారంటీ గడువు దాటిందన్న నమ్మకంతో ఈ ఒక్క పనీ చేయకుండా సొంత డబ్బు పెట్టేవాళ్లు ఉంటారు. సర్వీసు రసీదులు దాచుకున్నవారికి అక్కడ బలం ఎక్కువ.

మీటరు చెప్పేది సగమే

ఎక్కువ కిలోమీటర్లు అనగానే మనసు వదిలేయడం వైపు మొగ్గుతుంది. కానీ ఇంజిన్‌కు తెలిసింది దూరం కాదు, తిరిగిన గంటలు, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయిన సార్లు, ఆయిల్ మార్చిన తేదీలు. హైవే మీద సగటున గంటకు 60 కిలోమీటర్ల వేగంతో 3 లక్షల కిలోమీటర్లు తిరిగిన ఇంజిన్ 5,000 గంటలు పనిచేసింది. రద్దీ వీధుల్లో సగటున 25తో ఒకటిన్నర లక్ష తిరిగింది 6,000 గంటలు పనిచేసింది. మీటరు ప్రకారం రెండోది సగం వయసున్న కారు. లోపల మాత్రం అదే ముసలిది.

అమెరికన్ ఉపాధ్యాయుడు ఇర్వ్ గోర్డన్ 1966లో కొన్న వోల్వో పీ1800 కారు 2013లో 30 లక్షల మైళ్లు, అంటే దాదాపు 48 లక్షల కిలోమీటర్లు దాటి గిన్నిస్ రికార్డుల్లో నిలిచింది. ఆ ప్రయాణం మధ్యలో ఇంజిన్‌ను విప్పి తిరిగి కట్టించారు. ఆయన కారు అందరికీ కొలత కాదు. అది పాతకాలపు సాదా ఇంజిన్, చూసుకున్న మనిషి మాటతప్పకుండా చూసుకున్నాడు. కానీ ఒకసారి ఇంజిన్ విప్పాల్సి రావడం కారు ఆయుష్షు తీరిందనడానికి గుర్తు కాదని అది రుజువు చేస్తుంది.

అయితే ఎక్కువ కిలోమీటర్లకు నిజమైన అర్థం ఒకటుంది. ఇంజిన్‌తో పాటు తిరిగిన మిగతా భాగాల వయసు కూడా అదే. గేర్‌బాక్స్, క్లచ్, సస్పెన్షన్, స్టీరింగ్, వైరింగ్, అన్నిటికన్నా ముఖ్యంగా తుప్పు. బోల్టుతో బిగించిన భాగం ఏదైనా మార్చవచ్చు. కింద బాడీ చట్రాన్ని తుప్పు తినేస్తే మార్చడానికి ఏమీ ఉండదు. సస్పెన్షన్ బిగించే చోట్లు, తలుపుల గడపల కింది భాగం లిఫ్ట్ మీద ఎత్తి చూసి, సన్నటి పనిముట్టుతో పొడిచి చూడాలి. అక్కడ ఇనుము పొరలుగా ఊడుతుంటే ఇంజిన్ గురించి ఇక ఆలోచించక్కర్లేదు.

డబ్బు లెక్క ఎలా వేయాలి

ధరలు కారుకూ కారుకూ మారతాయి కనుక నిష్పత్తిలో చూద్దాం. చెడకముందు అమ్మితే కారుకు 100 వచ్చేదనుకుందాం. ఇప్పుడు ఉన్న స్థితిలో 25 ఇస్తారు. ఇంజిన్ పనికి 70 అడుగుతున్నారు. చాలామంది 70ని 100 పక్కన పెట్టి "కారు విలువలో 70 శాతం ఇంజిన్‌కేనా" అని వెనకాడతారు. ఆ పోలిక తప్పు. 100 విలువైన కారు ఇప్పుడు చేతిలో లేదు, ఉన్నది 25 విలువైనదే. దానికి 70 కలిపితే 95 అవుతుంది. 95తో లోపలంతా కొత్తగా కట్టిన ఇంజిన్, మంచీచెడూ అన్నీ తెలిసిన కారు వస్తుంది. అదే 95 పట్టుకుని బయటికి వెళితే అదే వయసు కారు, పాత ఇంజిన్‌తోనే, ఎవరు ఎలా నడిపారో తెలియనిది దొరుకుతుంది. అసలు పోలిక ఈ రెండింటి మధ్య.

ఇదే లెక్క ఎదురు తిరగడానికి ఎక్కువ సమయం పట్టదు. గేర్‌బాక్స్ జారుతోంది, సస్పెన్షన్ మార్చాలి, ఏసీ పనిచేయడం లేదు అంటే ఇంకో 40 కలుస్తుంది. 135 పెట్టి 100 కారును నిలబెట్టడానికి బలమైన కారణం వేరే ఏదైనా ఉండాలి.

యజమాని ఇంకెంతకాలం ఆ కారు ఉంచుకుంటాడన్నది కూడా లెక్కలోకి రావాలి. మూడేళ్లు నడిపితే 70 ఖర్చు నెలకు సుమారు 2 పడుతుంది. ఆరు నెలల్లో అమ్మేస్తే నెలకు 12 దాకా పడుతుంది, కొనేవాడు కొత్త ఇంజిన్ కోసం ఆ మొత్తం తిరిగి ఇవ్వడు. అందుకే అమ్మడం కోసం ఇంజిన్ కట్టించడం దాదాపు ఎప్పుడూ నష్టమే, ఉంచుకోవడానికైతే తరచుగా లాభం. పోయిన నెలే టైర్లు మార్చామన్న బాధను లెక్కలోకి తేకూడదు. ఆ ఖర్చు ఎలాగూ అయిపోయింది. కానీ ఆ టైర్లకు మిగిలిన ఆయుష్షును మాత్రం తప్పకుండా లెక్కించాలి, ఎందుకంటే వేరే కారు కొంటే అవి మళ్లీ కొనాలి.

ఏ దారిన బాగుచేయించాలి

పూర్తిగా కట్టించడం, సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేయడం, ఫ్యాక్టరీలో పునరుద్ధరించిన ఇంజిన్ తెచ్చుకోవడం అనే మూడు దారుల్లో తక్కువ ఖర్చుది సాధారణంగా సెకండ్ హ్యాండ్ ఇంజిన్. ప్రమాదంలో వెనుక భాగం దెబ్బతిన్న కారు నుంచి తీసిందైతే మంచి ఎంపికే. కానీ అది ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రుజువు, బిగించేముందు కంప్రెషన్ అంకెలు, ఇంజిన్ కోడ్ సరిపోలడం, ఈ మూడూ లేకుండా తీసుకుంటే సమస్యను ఒక బ్లాక్ నుంచి ఇంకో బ్లాక్‌కు మార్చుకున్నట్టే. వారంటీ ఇస్తామన్నప్పుడు అది ఇంజిన్‌కేనా, మళ్లీ దించి ఎక్కించే కూలీకి కూడానా అని అడగాలి. రెండోసారి పోతే బరువు పడేది కూలీ దగ్గరే. ఇంజిన్ నంబరు మారితే రిజిస్ట్రేషన్ పత్రాల్లో కూడా మార్పించుకోవాల్సి ఉంటుంది.

కట్టించేటప్పుడు మెషీన్ పని ఇంజిన్ ఆయుష్షును నిర్ణయిస్తుంది. గీతలు పడ్డ క్రాంక్‌షాఫ్ట్‌ను 0.25 లేదా 0.50 మిల్లీమీటర్లు గ్రైండ్ చేసి ఆ సైజు బేరింగులు వేస్తారు. అరిగిన సిలిండర్లను బోరు చేసి పెద్ద సైజు పిస్టన్లు వేస్తారు. అన్ని ఇంజిన్లూ దీనికి ఒప్పుకోవు. కొన్నింటి సిలిండర్ గోడలకు సన్నటి గట్టి పూత ఉంటుంది, దాన్ని మామూలుగా బోరు చేస్తే పూతే పోతుంది. కొన్ని క్రాంక్‌షాఫ్ట్‌లకు కంపెనీ చిన్న సైజు బేరింగులే తయారుచేయదు. ఆ మోడల్‌కు భాగాలు దొరుకుతాయో లేదో విప్పకముందే కనుక్కోవాలి.

విప్పిన తర్వాత నిర్ణయం ఇంకోసారి తీసుకోవాల్సి వస్తుంది. హెడ్ తీశాక బ్లాక్‌లో పగులు కనిపించవచ్చు. అప్పుడు "ఇప్పటికే విప్పాంగా" అన్న మొహమాటంతో ముందుకు పోకుండా ఉండాలంటే పని మొదలుపెట్టకముందే మెకానిక్‌తో రెండు విషయాలు రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. విప్పి చూసి ఆపేస్తే ఎంత ఇవ్వాలి, ఏ మొత్తం దాటితే ఫోన్ చేసి అనుమతి తీసుకోవాలి అన్నవి. నిజాయితీగా పనిచేసే మెకానిక్ దీనికి నొచ్చుకోడు. అంచనాలో ఆయిల్ పంప్, ఆయిల్ కూలర్, వాటర్ పంప్, టైమింగ్ కిట్, కొత్త హెడ్ బోల్టులు ఉన్నాయో లేదో కూడా చూడాలి. చాలా ఇంజిన్లలో హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగుతాయి, వాటిని రెండోసారి వాడకూడదు. బేరింగ్ పోయిన ఇంజిన్‌లో పాత ఆయిల్ కూలర్‌ను ఉంచేస్తే దాని గొట్టాల్లో దాక్కున్న లోహపు పొడి కొత్త బేరింగుల మీదికే వస్తుంది. ఎక్కువ అడిగిన అంచనాలో ఇవన్నీ ఉండి, తక్కువ అడిగినదాంట్లో లేకపోవడం తరచుగా కనిపిస్తుంది.

బాగుచేయించకూడదని తేలితే కారును ఉన్నదున్నట్టు చెప్పి అమ్మాలి. చిక్కటి ఆయిల్ పోసి చప్పుడు తగ్గించి అమ్మడం కొనేవాడిని మోసం చేయడమే కాదు, హైవే మీద ఇంజిన్ పట్టేస్తే అది ప్రాణాలతో చెలగాటం కూడా. నడవని కారుకైనా గేర్‌బాక్స్, తలుపులు, లైట్లు, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వల్ల విలువ ఉంటుంది, బరువు లెక్కన తుక్కుకు ఇచ్చేముందు విడిభాగాల వాళ్లను కూడా అడగాలి.

బాగుచేయిస్తే మొదటి వెయ్యి కిలోమీటర్లు కీలకం. మొదటిసారి స్టార్ట్ చేసేముందే ఆయిల్ దారుల్లోకి ప్రెషర్‌తో ఆయిల్ ఎక్కించాలి, లేకపోతే కొత్త బేరింగులు మొదటి సెకన్లలోనే పొడిగా తిరుగుతాయి. ఆ తర్వాత ఒకే వేగంతో ఎక్కువసేపు నడపకుండా, పెద్ద బరువులు లాగకుండా, వేగం మారుస్తూ నడిపితే రింగులు గోడలకు సరిగ్గా కుదురుకుంటాయి. 500 నుంచి 1,000 కిలోమీటర్ల మధ్య మొదటి ఆయిల్ మార్చాలి. అప్పుడు ఆ ఫిల్టర్‌ను పారేయకుండా కోసి చూడాలి. బూడిద రంగు సన్నటి పొడి కొద్దిగా ఉండటం మామూలే, కొత్త భాగాలు ఒకదానికొకటి సర్దుకున్న గుర్తు అది. వేలికి గుచ్చుకునే తునకలో, రాగి మెరుపో కనిపిస్తే కారును అక్కడే ఆపి, వారంటీ కాగితంతో పాటు ఆ ఫిల్టర్‌ను కూడా మెకానిక్ ముందు పెట్టాలి.